ఆపరేషన్ బల్ల దాకా అందరూ చేరాలంటే: సర్జరీ విభాగాలకు సమగ్ర మార్గదర్శి

సోమవారం ఎలెక్టివ్ లిస్టులో (ముందే తేదీ ఇచ్చి చేసే ఆపరేషన్ల జాబితాలో) ఎనిమిది కేసులు రాసుకుంటే సాయంత్రానికి ఆరే అవుతాయి. మిగిలిన రెండూ తర్వాతి ఓటీ (ఆపరేషన్ థియేటర్) రోజుకి జరుగుతాయి. జిల్లా ఆసుపత్రిలోనో బోధనాసుపత్రిలోనో పనిచేసిన వాళ్ళందరికీ ఇది తెలిసిన సంగతే. ఆ రెండూ ఎవరివి అన్నది మాత్రం పెద్దగా పట్టించుకోం. పట్టించుకుని చూస్తే మళ్ళీ మళ్ళీ అవే ముఖాలు కనిపిస్తాయి: రక్తం ఇవ్వడానికి మనిషి దొరకని వాళ్ళు, హిమోగ్లోబిన్ తక్కువున్న ఆడవాళ్ళు, తెలుగు సరిగా రాని ఏజెన్సీ వాళ్ళు, హెచ్ఐవీ ఉన్నవాళ్ళు, పైనుంచి ఎవరిచేతా ఫోన్ చేయించలేని వాళ్ళు.

ఎవరూ కావాలని చెయ్యరు. బల్ల మీద పడుకోబెట్టి మత్తిచ్చాక సర్జన్ చేతికి పేదా గొప్పా తేడా ఉండదు. తేడా అంతా కత్తి పట్టకముందు జరుగుతుంది, కుట్లు వేశాక జరుగుతుంది. ఓపీ చీటీ దగ్గర, సంతకం దగ్గర, బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర, డిశ్చార్జి కాగితం చేతికిచ్చే రెండు నిమిషాల్లో మనుషులు జారిపోతారు. సర్జరీలో వైవిధ్యం, సమానత్వం, అందరినీ కలుపుకుపోవడం అని సదస్సుల్లో మాట్లాడుకునేదంతా చివరికి ఈ నాలుగుచోట్ల ఏం మార్చాం అన్న ప్రశ్నకే వస్తుంది. యూనిట్ చీఫ్‌లు, పీజీలు, థియేటర్ ఇన్‌ఛార్జి సిస్టర్లు, ఆరోగ్యమిత్రలు కలిసి చెయ్యగలిగిన పనులే ఇక్కడ రాస్తున్నాను. ఒకటి రెండు తప్ప వీటికి కొత్త జీవో అక్కర్లేదు.

మొదటి అడుగు: థియేటర్ రిజిస్టరులో కొత్త గడులు

మీ దగ్గరున్న ఓటీ రిజిస్టరు తీసి చూడండి. పేరు, వయసు, ఐపీ నంబరు, జబ్బు, చేసిన ఆపరేషన్, సర్జన్, మత్తు డాక్టరు. ఇంతే ఉంటుంది. దీన్నిబట్టి ఎవరికి అన్యాయం జరుగుతోందో ఎప్పటికీ తెలీదు. ఇంకో నాలుగు గడులు గియ్యండి: ఈ జబ్బుతో మొదటిసారి ఓపీకి వచ్చిన తేదీ; ఊరు, మండలం, ఇక్కడికి చేరడానికి పట్టిన సమయం; ఇంట్లో మాట్లాడుకునే భాష; ఎన్నిసార్లు వాయిదా పడింది, ఎందుకు.

నాలుగో గడి అన్నిటికంటే ముఖ్యం. అందులో "అన్‌ఫిట్" అని రాసి ఊరుకోవద్దు. "హిమోగ్లోబిన్ తక్కువ, రక్తం దొరకలేదు" అనో, "ఎకో (గుండె స్కాన్) కోసం వారం ఆగారు" అనో, "అటెండర్ లేరు" అనో రాయాలి. ఇంటర్న్ ఈ పని రెండు నిమిషాల్లో చేస్తారు. పేరు రాసే చోట కాకుండా కారణం రాసే చోట ఒకసారి ఆగితే చాలు.

మూడు నెలల రిజిస్టరు పోగయ్యాక ఒక పీజీని కూర్చోబెట్టి లెక్క తీయించండి. ఒకటే జాగ్రత్త: ఒకే ఆపరేషన్‌ని ఒకే ఆపరేషన్‌తో పోల్చాలి. ఆడా మగా తేడా చూడాలనుకుంటే హెర్నియా పనికిరాదు, అది ఎక్కువగా మగవాళ్ళదే. పిత్తాశయం రాళ్ళ కేసులు తీసుకోండి. దూరం ప్రభావం చూడాలంటే హెర్నియా బాగా పనికొస్తుంది: టౌనులో ఉన్న మగమనిషికి ఎన్ని రోజులు పట్టింది, పక్క డివిజన్ నుంచి వచ్చిన మగమనిషికి ఎన్ని రోజులు పట్టింది. సగటు తీస్తే ఒక్క పెద్ద కేసు లెక్కని పాడుచేస్తుంది కాబట్టి వరసలో మధ్యనున్న సంఖ్యను చూడండి.

కులం గడి పెట్టాలా అని కొందరు అడుగుతారు. అందరి చేతుల్లో తిరిగే కేస్‌షీట్‌లో పెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. అక్కడ రాసింది సాయం కంటే హానే ఎక్కువ చేస్తుంది. నిజంగా తెలుసుకోవాలనుకుంటే ఎథిక్స్ కమిటీ అనుమతితో, రోగి ఇష్టంతో, పేర్లు తీసేసి, విడిగా అధ్యయనం చెయ్యాలి.

ఇంకో జాబితా రిజిస్టరులోకి రానే రాదు. ఓపీలో "అడ్మిట్ అవ్వండి" అని రాసిచ్చాక తిరిగి రానివాళ్ళు. నెలకోసారి ఆ చీటీల నకళ్ళు తీసి ఫోన్ చెయ్యండి. రొమ్ములో గడ్డ అని పంపిన ఆవిడ మళ్ళీ ఎందుకు రాలేదో తెలుసుకుంటే మీ విభాగం గురించి చాలా తెలుస్తుంది. పత్తి ఏరే రోజులని ఒకరంటారు. "ఆ గదిలో డాక్టర్లందరూ మగవాళ్ళే సార్" అని ఇంకొకరు అంటారు. ఈ రెంటికీ మందు మన చేతిలోనే ఉంది.

రెండో అడుగు: దూరాన్ని మనం మొయ్యడం

ప్రపంచ సర్జరీ మీద లాన్సెట్ కమిషన్ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అవసరమైనప్పుడు సురక్షితమైన, భరించగల ఆపరేషన్ అందనివాళ్ళు ప్రపంచంలో 500 కోట్ల మంది. సిజేరియన్, పొట్ట తెరిచి చేసే ఆపరేషన్, విరిగిన ఎముక బయటికొచ్చిన గాయానికి చికిత్స, ఈ మూడూ చెయ్యగల ఆసుపత్రి రెండు గంటల్లో చేరేలా ఉండాలని అదే కమిషన్ చెప్పింది. పాడేరు, రంపచోడవరం, సీతంపేట, ఉట్నూరు ప్రాంతాల్లో కొన్ని గూడేల నుంచి రోడ్డు దాకా రావడానికే డోలీ కట్టాలి. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 చాలా ప్రాణాలు కాపాడింది. కానీ అది రోడ్డున్న చోటికే వస్తుంది.

రోడ్లు మనం వెయ్యలేం. కానీ ఒక మనిషిని ఎన్నిసార్లు ఆ దారి నడిపిస్తున్నాం అన్నది మన చేతిలో ఉంది. ఇప్పుడు జరుగుతున్నది చూడండి. ఒకరోజు ఓపీ. రక్తపరీక్షల రిపోర్టులకి ఇంకోరోజు. స్కానింగుకి డేట్ ఇచ్చిన రోజు ఇంకోసారి. మత్తు డాక్టరు ఫిట్‌నెస్‌కి ఒకసారి, అక్కడ ఎకో అడిగితే మరోసారి. అడ్మిషన్‌కి ఒకసారి. కుట్లు విప్పడానికి ఒకసారి. బయాప్సీ రిపోర్టుకి ఒకసారి. రోజుకూలీ మనిషికి, తోడొచ్చే మనిషికి అన్ని రోజుల కూలీ పోతుంది. ఆరోగ్యశ్రీ ప్యాకేజీ ఆపరేషన్ ఖర్చు ఇస్తుంది, ఈ కూలీ ఇవ్వదు.

చెయ్యాల్సినవి ఇవి. రెండు గంటలకు మించి ప్రయాణం చేసి వచ్చినవాళ్ళ ఓపీ చీటీ మీద పెద్దక్షరంతో "దూ" అని రాయండి. ఆ అక్షరం ఉన్నవాళ్ళకి రక్తపరీక్షలు, ఈసీజీ, ఎక్స్‌రే, మత్తు డాక్టరు పరీక్ష అదేరోజు. కుదరకపోతే ఆరోజే బెడ్ ఇచ్చి ఉంచేసుకోవడం, ఇంటికి పంపి మళ్ళీ రమ్మనకపోవడం. మామూలు పరీక్షలు వాళ్ళ ఏరియా ఆసుపత్రిలోనే చేయించుకుని వస్తే ఒప్పుకోండి. మన ల్యాబులోనే మళ్ళీ చేయించాలన్న పట్టుదల చాలాసార్లు అలవాటే తప్ప వైద్య అవసరం కాదు.

కుట్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. శుభ్రమైన గాయానికి చర్మం కింద కరిగిపోయే దారంతో కుట్టేస్తే కుట్లు విప్పించుకోవడానికి వంద కిలోమీటర్లు రానక్కర్లేదు. పైకుట్లే వెయ్యాల్సి వస్తే పీహెచ్‌సీ డాక్టరుకి చీటీ రాసివ్వండి: ఏ రోజు విప్పాలి, ఏం కనిపిస్తే వెనక్కి పంపాలి, మన ఫోన్ నంబరు. ఇంట్లో ఫోన్ లేకపోతే ఆశా కార్యకర్త నంబరు కేస్‌షీట్‌లో ఉండాలి. బయాప్సీ రిపోర్టు వచ్చిందని చెప్పడానికి ఆ నంబరే దిక్కు.

మూడో అడుగు: రక్తం, కార్డు

"ఇద్దరు డోనర్లని తీసుకురండి" అనే మాట బంధుబలగం ఉన్నవాడికి ఒక చిన్న పని. ఒంటరి ముసలావిడకి, ఒడిశా నుంచి ఇటుకబట్టీకి వచ్చిన కుటుంబానికి అదే ఆపరేషన్ రద్దు. బదులు రక్తం అడిగే పద్ధతి పోవాలని మన జాతీయ రక్త విధానం 2002లోనే చెప్పింది. మీ కాలేజీలో ఎంబీబీఎస్, నర్సింగ్ విద్యార్థులు వందల్లో ఉంటారు. మూడు నెలలకోసారి క్యాంపు పెట్టి, "డోనర్ లేరు" అన్న కారణంతో ఏ కేసూ వాయిదా వెయ్యకూడదని బ్లడ్ బ్యాంకుతో రాతపూర్వకంగా మాట తీసుకోండి.

రక్తం ఎక్కించాల్సిన అవసరమే తగ్గించడం ఇంకా మంచిది. ఆపరేషన్‌కి నాలుగు వారాల వ్యవధి ఉందనుకోండి. రక్తం తక్కువున్న ఆవిడని "మాత్రలు వేసుకుని రామ్మా" అని పంపేస్తే ఆవిడ మళ్ళీ అదే అంకెతో వస్తుంది. ఆ వ్యవధిలోనే ఐరన్ సెలైన్‌లో ఇచ్చి, నులిపురుగుల మందు వేసి, ఎందుకు తగ్గిందో చూడటం సర్జరీ యూనిట్ బాధ్యత అనుకోవాలి.

కార్డు విషయం ఆరోగ్యమిత్రకి వదిలేసి ఊరుకోవద్దు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాళ్ళకి పెద్ద ఆపరేషన్లు దగ్గరయ్యాయి, అందులో సందేహం లేదు. కానీ కార్డులో పేరు ఎక్కని కొత్త కోడలు, ఆధార్‌లో పేరు తేడా ఉన్న ట్రాన్స్ మహిళ, వేరే రాష్ట్రం కార్డున్న వలస కూలీ అక్కడే ఆగిపోతారు. ఆయుష్మాన్ భారత్ పీఎంజేఏవై కార్డు ఏ రాష్ట్రంలోనైనా ఆ పథకంలో చేరిన ఆసుపత్రిలో చెల్లుతుంది. మీ సహాయ కేంద్రంలో కూర్చునే అందరికీ ఆ సంగతి తెలుసో లేదో ఈరోజే కనుక్కోండి.

నాలుగో అడుగు: సంతకం

ఈ మార్గదర్శిలో ఒక్క అడుగే వెయ్యగలం అంటే ఇది వెయ్యండి.

మన సమ్మతి పత్రాలు చాలాచోట్ల ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగులో ఉన్నా కోర్టు దస్తావేజులా ఉంటాయి. ఇంటర్న్ వచ్చి "ఇక్కడ పెట్టమ్మా" అంటాడు. వేలిముద్ర పడుతుంది. ఆవిడకి ఏం తీస్తున్నారో, ఎందుకు తీస్తున్నారో, తియ్యకపోతే ఏమవుతుందో తెలీదు. ఇందులో అన్నిటికంటే ఎక్కువ నష్టపోయింది తెలుగు రాష్ట్రాల ఆడవాళ్ళే. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దేశంలో ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతూనే ఉన్నాయి. నలభై కూడా నిండని వాళ్ళకి, మందులతో తగ్గే అధిక రక్తస్రావానికి, తెల్లబట్టకి కూడా గర్భసంచి తీసేసిన కేసులు పల్లెల్లో అందరికీ తెలుసు. ఇలాంటి అనవసర ఆపరేషన్లపై పర్యవేక్షణ ఉండాలని, కేంద్ర మార్గదర్శకాలను రాష్ట్రాలు మూడు నెలల్లో అమలు చెయ్యాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఆపరేషన్ అందకపోవడం ఎంత అన్యాయమో, అక్కర్లేని ఆపరేషన్ అంటగట్టడం అంతే అన్యాయం. రెండూ ఒకే మనుషులకి జరుగుతాయి.

చట్టం ఏమంటుందో ముందు స్పష్టంగా ఉండాలి. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరిలో తీర్పు చెప్పింది. పరీక్ష కోసం ల్యాప్రోస్కోపీకి ఒప్పుకున్న స్త్రీకి, ఆమె మత్తులో ఉండగా తల్లి సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, తన నిర్ణయం తాను తీసుకోగల వయసొచ్చిన మనిషి బదులు వేరెవరి సంతకమూ చెల్లదని కోర్టు తేల్చింది. అంటే పెళ్ళైన ఆడమనిషి ఆపరేషన్‌కి భర్త సంతకం కావాలన్నది మన వార్డుల ఆచారం, చట్టం కాదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి కూడా జీవిత భాగస్వామి సంతకం అక్కర్లేదని కేంద్ర ప్రమాణాలే చెబుతున్నాయి. ఆవిడ కోరితే భర్తని కూర్చోబెట్టి చెప్పండి. ఆవిడ సంతకం మాత్రం ఆవిడదే.

ఇక ఎలా చెప్పాలి. చెప్పడం అయ్యాక "అర్థమైందా?" అని అడగొద్దు. తెల్లకోటు ముందు ఎవరైనా అర్థమైందనే అంటారు. తిరిగి చెప్పించండి. ఇలా:

"అక్కా, ఇంటికి ఫోన్ చేస్తే మీ అమ్మగారు ఏం ఆపరేషన్ అని అడుగుతారు కదా, ఏం చెప్తారు?"

"పొట్టలో గడ్డ తీస్తారంట."

"గడ్డ ఎక్కడుందని చెప్పాం?"

"గర్భసంచిలో."

"గడ్డ ఒక్కటే తీస్తామా, సంచి మొత్తం తీస్తామా?"

ఇక్కడ ఆవిడ ఆగితే మనం చెప్పడం ఇంకా పూర్తికాలేదు. మళ్ళీ మొదటినుంచి. బొమ్మ గీసి చూపించండి. తియ్యకుండా ఉండే మార్గాలేంటో, వాటితో ఎన్నాళ్ళు చూడొచ్చో చెప్పండి. ఆలోచించుకోవడానికి ఒక రాత్రి ఇవ్వండి. నిర్ణయం థియేటర్ తలుపు దగ్గర కాకుండా వార్డులో జరగాలి. ఆపరేషన్ మధ్యలో ఇంకేదైనా తియ్యాల్సి రావచ్చనిపిస్తే ఆ మాటా అప్పుడే చెప్పి, అప్పుడే విడిగా ఒప్పుకోలు తీసుకోవాలి.

భాష వేరైనప్పుడు దుబాసీ కావాలి. పదేళ్ళ కొడుకు తల్లి గర్భసంచి గురించి దుబాసీ కాలేడు, కాకూడదు. భర్త కూడా వద్దు. మీ ఆసుపత్రిలో కోయ, గోండి, సవర, కువి, లంబాడీ, ఒడియా, ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఎవరున్నారో ఒక జాబితా చెయ్యండి. నర్సుల్లో ఉంటారు, శానిటేషన్ సిబ్బందిలో ఉంటారు, విద్యార్థుల్లో ఉంటారు. జాబితా వార్డు గోడకి అంటించండి, వాళ్ళ పనివేళలతో సహా. దుబాసీగా పిలిచిన సమయాన్ని డ్యూటీలో భాగంగా రాయండి. ఊడుస్తున్న మనిషిని పిలిచి భాష చెప్పించుకుని, తర్వాత ఊడవలేదేమని అడగడం న్యాయం కాదు. ఎవరూ లేకపోతే ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసుకి ఫోన్ చేసి స్పీకర్‌లో మాట్లాడించండి.

వేలిముద్ర వేసేవాళ్ళ విషయంలో సాక్షి ఆసుపత్రి మనిషి కాకుండా ఉంటే మంచిది. చదివి వినిపించింది ఎవరు, ఏ భాషలో అన్న రెండు మాటలు పత్రంలో చేర్చండి.

ఐదో అడుగు: చూసే కన్ను

సర్జరీ పుస్తకాల్లో గాయం చీము పట్టిందనడానికి మొదటి గుర్తు ఎరుపు. ఆ పుస్తకాల్లో బొమ్మలు ఎక్కువగా తెల్లచర్మానివి. నల్లటి చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు. గాయం చుట్టూ చర్మం ఇంకా ముదురుగా, ఊదారంగుగా, మెరుస్తూ ఉండొచ్చు. అందుకే కళ్ళతో చూసి వదలకుండా చేతి వెనకభాగంతో వేడి చూడండి, రెండుపక్కలా నొక్కి గట్టిదనం పోల్చండి, నిన్నటికంటే నొప్పి పెరిగిందా అని అడగండి. రౌండ్స్‌లో పీజీలకి ఇది నేర్పాలి. కామెర్ల పచ్చదనం, ఆక్సిజన్ తగ్గి నీలం తిరగడం కూడా చర్మం మీద కాదు, కంటి తెల్లగుడ్డులో, నాలుక మీద చూడాలి.

వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు కూడా చర్మం రంగుని బట్టి మోసపోతుంది. అమెరికాలో 2020లో వచ్చిన అధ్యయనంలో, మీటరు బాగానే చూపిస్తున్నా రక్తంలో ఆక్సిజన్ నిజంగా తక్కువగా ఉండటం తెల్లవాళ్ళ కంటే నల్లవాళ్ళలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. రోగి ఆయాసపడుతుంటే అంకెను నమ్మి ఊరుకోకండి, ధమని రక్తం పరీక్షకి పంపండి. గోరింటాకు, గోళ్ళరంగు ఉంటే చెవికి పెట్టి చూడండి.

ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చేవాళ్ళకి సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పరీక్ష అడ్మిషన్ రోజే జరగాలి. 2047కల్లా ఈ జబ్బుని నిర్మూలించాలని 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్‌లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి, కాబట్టి చాలామందికి ఇప్పటికే కార్డు ఉంటుంది. అడగండి. ఈ జబ్బున్న మనిషిని ఖాళీ కడుపుతో మధ్యాహ్నం దాకా, సెలైన్ లేకుండా, ఏసీ థియేటర్ బయట పల్చటి గౌనులో కూర్చోబెడితే క్రైసిస్ (ఆ కణాలు రక్తనాళాల్లో అడ్డుపడి తీవ్రమైన నొప్పి రావడం) మనమే తెచ్చిపెట్టినట్టు. వాళ్ళని లిస్టులో మొదట పెట్టండి, వెచ్చగా ఉంచండి, టూర్నికే (రక్తప్రసారం ఆపే పట్టీ) కట్టేముందు రెండోసారి ఆలోచించండి.

థియేటర్‌కి తీసుకెళ్ళేముందు మంగళసూత్రం, మెట్టెలు, గాజులు తీయించే ఘట్టం ఒకటుంటుంది. కాటరీ (కరెంటుతో కాల్చి రక్తం ఆపే పరికరం) వాడేటప్పుడు లోహం వల్ల కాలే ప్రమాదం ఉంది, చేతులు వాస్తే గాజులు బిగుసుకుంటాయి, కాబట్టి తీయించాల్సిందే. కానీ స్ట్రెచర్ మీద పడుకున్నాక, పదిమంది ముందు, "తియ్యమ్మా త్వరగా" అంటే ఆవిడకి అది ఎలాంటి అపశకునంగా తోస్తుందో మన సిస్టర్లకి చెప్పక్కర్లేదు. ముందురోజు సాయంత్రమే ఎందుకో వివరించండి. బంగారు సూత్రాలు ఇంటివాళ్ళకి అప్పగించి, మెడలో పసుపుతాడు ఉంచుకోమనండి. దారంలో లోహం లేదు. మెడ మీదే ఆపరేషన్ అయితే చేతికి కట్టుకుంటారు. బురఖా వేసుకునే ఆవిడకి తల కప్పే పెద్ద క్యాపు, ఫుల్ చేతుల గౌను, మత్తిచ్చేదాకా పక్కన ఒక ఆడమనిషి ఉంటే సగం భయం పోతుంది.

ఆరో అడుగు: వార్డులో పక్కకి పెట్టేసిన మంచాలు

హెచ్ఐవీ ఉన్నవాళ్ళని లిస్టులో ఆఖరున వేసి, టైమైపోయిందని వాయిదా వెయ్యడం ఇంకా పోలేదు. మంచానికి ఎర్ర స్టిక్కరు, కేస్‌షీట్ అట్ట మీద పెద్దక్షరాలు కూడా పోలేదు. 2017 హెచ్ఐవీ ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. వైద్యం నిరాకరించడం, వివక్ష చూపడం, అనుమతి లేకుండా పరీక్ష చెయ్యడం, విషయం బయటపెట్టడం నేరుగా చట్టవిరుద్ధం. మన భయానికి మందు స్టిక్కరు కాదు. అందరి రక్తాన్నీ ఒకేలా అనుమానించే జాగ్రత్తలు, డబుల్ గ్లౌజులు, కళ్ళద్దాలు, సూది గుచ్చుకుంటే వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టే మందులు. ఆ మందులు రాత్రి రెండింటికి ఎక్కడ దొరుకుతాయో థియేటర్ గోడమీద రాసి ఉండాలి. సిబ్బందికి ఆ భరోసా ఇస్తే లిస్టులో ఆఖరు నంబరు దానంతటదే పోతుంది.

ట్రాన్స్ వ్యక్తులు వస్తే మొదటి ప్రశ్న "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అన్నదే. రికార్డులో ఏ పేరున్నా పిలిచేది ఆ పేరే. మంచం ఏ వార్డులో కావాలో వాళ్ళనే అడగండి. అపెండిక్స్ నొప్పితో వచ్చిన మనిషి ఒంటిమీద వేరే ఆపరేషన్ల గురించి కుతూహలంతో అడగకండి. వైద్యానికి అవసరమైనంతే అడగాలి: హార్మోన్లు వాడుతున్నారా, ఇంతకుముందు కింద ఆపరేషన్ అయ్యిందా. రెండోది క్యాథెటర్ పెట్టేముందు తెలియాలి. దాన్ని తెర లాగి, ఒక్కరే అడగాలి. విద్యార్థుల గుంపు అక్కర్లేదు. ట్రాన్స్ వ్యక్తుల హక్కులపై 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పు, 2019లో చట్టం వచ్చాయి. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ ప్రభుత్వ వైద్యులుగా చేరారు. మన పక్కన డాక్టర్లుగా నిలబడ్డవాళ్ళని మంచం మీద చూసి నవ్వే వార్డు ఉండకూడదు.

వినపడనివాళ్ళకి మాస్కు పెద్ద గోడ. పెదాలు చూసి అర్థం చేసుకునేవాళ్ళుంటారు. వాళ్ళతో మాట్లాడేది మాస్కు వేసుకోకముందే మాట్లాడాలి. వినికిడి యంత్రం మత్తిచ్చే క్షణం దాకా ఉంచి, మెలకువ రాగానే పెట్టాలి. చూపులేని మనిషికి థియేటర్‌లో ఏ చప్పుడు ఏంటో ముందే చెప్పాలి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల దగ్గర తల్లిని మత్తిచ్చే గది దాకా రానివ్వండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మన సర్జికల్ వార్డులో చక్రాల కుర్చీ దూరే బాత్రూం ఒక్కటైనా ఉందో లేదో వెళ్ళి కొలవండి.

ఏడో అడుగు: కత్తి ఎవరి చేతిలో ఉంది

హైదరాబాద్‌లో రూపాబాయి ఫర్దూన్‌జీ 1880ల చివర్లోనే క్లోరోఫాం ఇచ్చేవారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఆమె ఒకరు. అదే నగరంలో ఇప్పటికీ జనరల్ సర్జరీ తీసుకుంటానన్న అమ్మాయికి "గైనిక్ తీసుకోవచ్చు కదమ్మా" అన్న సలహా వస్తుంది. కెనడాలోని ఒంటారియోలో 13 లక్షల మంది రికార్డులు చూసిన అధ్యయనం 2022లో వచ్చింది. స్త్రీ రోగులకి మగ సర్జన్ చేసినప్పుడు, స్త్రీ సర్జన్ చేసినదానికంటే చిక్కులు కొంత ఎక్కువగా కనిపించాయి. అంటే థియేటర్‌లో ఎవరున్నారన్నది రోగి క్షేమానికి సంబంధించిన విషయం.

పీజీల లాగ్‌బుక్కులు పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరు రిట్రాక్టర్ పట్టుకున్నారు, ఎవరు కోత పెట్టారు, ఎవరు చివరిదాకా సొంతంగా చేశారు. ఒకే ఏడాది పీజీల మధ్య పెద్ద తేడా ఉంటే దాని వెనక ఆడా మగా, కులం, రిజర్వేషన్ ర్యాంకు, యాస, చీఫ్‌తో చుట్టరికం ఏదో ఒకటి ఉంటుంది. కేసులు వంతులవారీగా పంచే చార్టు ముందురోజే గోడ మీద పెడితే ఈ తేడా సగం తగ్గుతుంది. ర్యాంకు ఎంతని అడిగే ప్రశ్న థియేటర్‌లో నిషేధించండి. 2019లో ముంబైలో గైనకాలజీ పీజీ చదువుతున్న ఆదివాసీ యువతి డాక్టర్ పాయల్ తడ్వీ ప్రాణం తీసుకుంది. తోటివాళ్ళు కులం పేరుతో వేధించారన్న ఆరోపణపై కేసు నడిచింది. ఫిర్యాదు వినే మనిషి ఆ యూనిట్‌కి బయటి వ్యక్తి కాకపోతే ఏ పీజీ నోరు విప్పదు.

చిన్న వస్తువులు కూడా చూడండి. ఇండెంట్‌లో 6, 6.5 సైజు గ్లౌజులు ఎప్పుడూ ఉండాలి. 7.5 గ్లౌజు వేలి చివర మడతపడితే సన్నటి కుట్టు రాదు. పొట్టివాళ్ళకి నిలబడే పీటలు కావాలి. రొమ్ము పక్కభాగాన్ని కూడా కప్పే లెడ్ ఆప్రాన్లు కావాలి, మామూలువి చంక దగ్గర తెరిచి ఉంటాయి. చాలాచోట్ల "డాక్టర్స్" అని రాసున్న బట్టలు మార్చుకునే గది మగవాళ్ళకే, లేడీ సర్జన్ నర్సుల గదిలో మూల వెతుక్కుంటుంది. గర్భంతో ఉన్న పీజీకి సీ-ఆర్మ్ (థియేటర్‌లో వాడే ఎక్స్‌రే యంత్రం) కేసులు తప్పించడం ఆమె నేర్చుకునే వాటాని తగ్గించకుండా చెయ్యాలి: ఎక్స్‌రే లేని కేసులు బదులివ్వండి. రాత్రి డ్యూటీ గదికి లోపలి గడియ, వెళ్ళే దారిలో లైటు ఉండాలి. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీకర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న మహిళా పీజీపై జరిగిన అత్యాచారం, హత్య తెలిశాక కూడా దీనికి ఫైలు నడపాలని ఎవరైనా అంటే ఆ ఫైలు పట్టుకుని సూపరింటెండెంట్ గది ముందు కూర్చోండి. పనిచోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం ఏర్పడ్డ అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, నంబర్లు థియేటర్ కారిడార్‌లో ఉండాలి.

ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన సర్జికల్ చెక్‌లిస్టు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో దాన్ని వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అందులో కోత పెట్టేముందు గదిలో అందరూ పేరు, పని చెప్పుకోవాలని ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా వదిలేసేది అదే. థియేటర్ అసిస్టెంటు తన పేరు ఒకసారి గట్టిగా చెప్పాక, "సార్, ఎడమవైపు కదా?" అని అడగడానికి నోరు లేస్తుంది. చీఫ్ ముందుగా చెప్పాలి, "ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆపండి" అని. ఎవరైనా ఆపితే, వాళ్ళది పొరపాటైనా సరే, అందరి ముందు థాంక్స్ చెప్పాలి.

ఎనిమిదో అడుగు: నెలవారీ సమీక్ష

మరణాలు, చిక్కుల మీద నెలకోసారి జరిగే మీటింగ్ ప్రతి బోధనాసుపత్రిలో ఉంటుంది. అందులో రెండు స్లైడ్లు చేర్చండి. ఒకటి, ఆ నెల రెండుసార్లకి మించి వాయిదా పడ్డ రోగుల జాబితా, కారణాలతో. రెండోది, ముప్ఫై రోజుల తర్వాత ఫోన్‌లో దొరకనివాళ్ళ జాబితా. అవయవ మార్పిడి చేసే కేంద్రమైతే మూడోది: ఇచ్చింది ఎవరు, పుచ్చుకుంది ఎవరు. 1995 నుంచి 2021 దాకా దేశంలో జరిగిన 36,640 మార్పిడుల్లో 29,695 మగవాళ్ళకి, 6,945 ఆడవాళ్ళకి. బతికుండగా దానం చేసేవాళ్ళలో ఎక్కువమంది భార్యలు, తల్లులు. ఇచ్చేవాళ్ళని ఇంటివాళ్ళు లేకుండా ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడారా అన్న గడి ఆ స్లైడులో ఉండాలి.

ఈ మీటింగ్‌కి థియేటర్ ఇన్‌ఛార్జి సిస్టర్, ఆరోగ్యమిత్ర, బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ రావాలి. ఏజెన్సీ ప్రాంతమైతే ఒక ఆశా కార్యకర్తని, ప్రయాణ ఖర్చు ఇచ్చి, పిలవండి. వాళ్ళని చివరి వరసలో కూర్చోబెట్టకండి. మాట్లాడే వంతు వాళ్ళతోనే మొదలుపెట్టండి, ప్రొఫెసర్లు మాట్లాడాక వాళ్ళు మాట్లాడరు. ప్రతి వాయిదా కారణం పక్కన ఒక పేరు, ఒక తేదీ రాయండి: ఎవరు సరిచేస్తారు, ఎప్పటికి. మినిట్స్ పుస్తకం ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గరుండాలి. వచ్చే నెల మీటింగ్ ఆ పేజీ పైకి చదవడంతో మొదలవ్వాలి.